తుపాకితో ఆట తగునా?

ధ్యానభాగము: 2 సమూయేలు 2:12–28



తుపాకి అను మాట మన పల్లెలలో చల్లని మాట కాదు. ఉత్తర తెలంగాణ గ్రామములలోని పెద్దలు ఆ మాట వినినప్పుడు పూర్వపు భయములు వారికి జ్ఞాపకము వచ్చును. 1947, 1948 సంవత్సరములలోని రజాకార్ల దినములు, 1951 వరకు సాగిన సాయుధ పోరాటము, ఆ తరువాతి కాలమున ఒకవైపు అన్నలకును మరియొకవైపు పోలీసులకును జడిసిన రాత్రులు, వీటిని చూచినవారైనను, చూచినవారి నోట వినినవారైనను మన సంఘములలో నేటికిని గలరు. అట్టివారి యెదుట ఒక బిడ్డ నిలువబడి, “నేను తుపాకి కాల్చుట నేర్చుకొందును, పోటీలకు పోవుదును” అనినయెడల వారి గుండె ఝల్లుమనుట వింత కాదు.

అయితే ఈ ప్రశ్న మన వాకిటికి రాకమానదు. బీబీపేట నుండి కామారెడ్డికి పోయి చదువుకొను యౌవనుడు గాని యౌవనురాలు గాని ఎన్.సి.సి.లో చేరెననుకొనుడి. రైఫిలుతో గురిచూచి కాల్చుట ఆ శిక్షణలో ఒక భాగము. గురి కుదిరిన బిడ్డను పోటీలకు పంపుదురు. అప్పుడు తండ్రి సంఘపెద్దల యొద్దకు వచ్చి, “అయ్యగారూ, శత్రువును ప్రేమించుమని నేర్పబడిన నా బిడ్డ తుపాకితో ఆడవచ్చునా?” అని అడిగినయెడల మనము చెప్పవలసిన జవాబేమి? “కాలము మారినది, పోనిమ్ము” అనుట జవాబు కాదు. “ఆయుధము పాపము, ముట్టవద్దు” అనుటయు సంపూర్ణమైన జవాబు కాదు. జాతరలో పలకకు కట్టిన బుడగలను తుపాకితో పేల్చుటకు మన పిల్లల చేతికి మనమే డబ్బులిచ్చుచున్నాము గదా. అక్కడ తప్పుగా కనబడనిది ఇక్కడ తప్పగుట ఎట్లు? కనుక విషయమును మొదటినుండి విచారింతము.

ముందుగా ఆ ఆట ఎట్టిదో తెలిసికొనుట మంచిది. మన దేశమున ఈ క్రీడను నడిపించు జాతీయ రైఫిలు సంఘము 1951లో ఏర్పడెను. లోక్‌సభకు మొదటి స్పీకరైన జి.వి. మావళంకర్ గారు దాని స్థాపకులలో ముఖ్యులు. నేటికిని ఆయన పేరిట పోటీలు జరుగుచున్నవి. ఒలింపిక్ క్రీడలలో రైఫిలు, పిస్తోలు, షాట్‌గన్ అను మూడు విధములైన ఆయుధములకు వేర్వేరు పోటీలు గలవు. పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాల్చునది నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు గుండు. పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. అనగా ఆవగింజకంటె చిన్నది! షాట్‌గన్ పోటీలో అరచేతి వెడల్పుగల మట్టి బిళ్ల గాలిలోనికి విసరబడును. అది నేలబడకమునుపే దానిని పగులగొట్టవలెను.

మన రాష్ట్రపు బిడ్డలు ఈ ఆటలో పేరుపొందిరి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్ క్రీడలయందు పది మీటర్ల ఎయిర్ రైఫిలులో కంచు పతకము గెలిచెను. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదు బాలిక ఈషా సింగ్ పిస్తోలు పోటీలలో ఒక స్వర్ణమును మూడు రజతములను పొందెను. అప్పటికి ఆమె వయస్సు 18 సంవత్సరములు. అవే క్రీడలలో హైదరాబాదువాడైన కైనన్ చెనాయ్ షాట్‌గన్ పోటీలో జట్టుతో కలిసి స్వర్ణమును, తనకు తానుగా కంచును గెలిచెను. పుట్టుకతోనే వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ అను హైదరాబాదు యువకుడు 2022లో బ్రెజిల్ దేశమునందును, 2025లో టోక్యోనందును జరిగిన బధిరుల ఒలింపిక్ క్రీడలలో స్వర్ణ పతకములు గైకొనెను. వీరిలో ఎవరును ఎవరికిని హాని చేయలేదు. ఈ సంగతి మనము న్యాయముగా ఒప్పుకొనవలెను.

ఈ మూడు ఆయుధములను ఒకే పోటీలో వాడు ఆట మరియొకటి గలదు. అది అమెరికా దేశమున విశేషముగా జరుగును. పోటీదారుడు ఒక చోటనుండి మరియొక చోటికి పరుగెత్తుచు, రైఫిలుతో దూరపు గురులను, పిస్తోలుతో దగ్గరి గురులను, షాట్‌గన్‌తో ఇనుప పలకలను కొట్టుచు పోవును. ఎంత సరిగా కొట్టెను, ఎంత త్వరగా ముగించెను అను రెండును లెక్కకు వచ్చును. పరుగు, తొందర, నిజమైన తూటాలు, మూడు ఆయుధములు! ఇది వినగానే, “ఇంతకంటె అపాయకరమైన ఆట ఉండునా?” అని మనకు తోచును. అయితే మన ప్రశ్నకు వెలుగు ఇక్కడనే దొరకునని నా నమ్మకము. ఎందుకనగా ఇంత అపాయకరమైన ఆటను ఆటగా నిలిపి ఉంచుచున్నదేమి అని అడిగినయెడల, ఆయుధక్రీడలోని ధర్మమేదో బయటపడును.

దానికి ముందు పరిశుద్ధ గ్రంథములోని ఒక భయంకరమైన ఆటను చూతము. సౌలు మరణించిన తరువాత అబ్నేరు ఒకవైపునను యోవాబు మరియొకవైపునను గిబియోను కొలను యొద్ద కూర్చుండిరి. యౌవనులు లేచి మన యెదుట ఆడుదురు గాక అని అబ్నేరు సలహా చెప్పగా, సరేయని యోవాబు ఒప్పుకొనెను. ఒక్కొక్క పక్షమునుండి పన్నెండుగురు లేచిరి. ప్రతివాడు తన యెదుటివాని తల పట్టుకొని వాని ప్రక్కను కత్తి దూసెను. ఇరువది నలుగురును ఒక్కుమ్మడిగా కూలిరి. ఆట యని మొదలైనది ఆ దినమున ఘోరమైన యుద్ధమాయెను. యోవాబు తమ్ముడైన అశాహేలును, దావీదు సేవకులలో మరి 19 మందియు, అబ్నేరు వారిలో 360 మందియు చచ్చిరి.

ఇక్కడ పాపము ఎవరిది? కత్తి పట్టిన యౌవనులదని మనము తొందరపడి చెప్పుదుము. అయితే వాక్యమును నిదానముగా చదువుడి. ఆ యౌవనుల పేర్లు అక్కడ వ్రాయబడలేదు. ఆటను తలపెట్టినవాని పేరును, ఒప్పుకొనినవాని పేరును మాత్రమే వ్రాయబడినవి. వారు కొలను గట్టున కూర్చుండి చూచినవారు. ఆటకు హద్దేదో, ఎప్పుడు ఆపవలెనో వారు చెప్పలేదు. యెదుటివాని శరీరమునే గురిగా నిలిపిరి. సాయంకాలమైన తరువాత అబ్నేరు కొండ మీదనుండి కేకవేసి, కత్తి ఎల్లకాలము ఇట్లే భక్షించునా అని అడిగెను. అప్పుడు యోవాబు బాకా ఊదగా జనులందరు ఆగిపోయిరి.

సహోదరులారా, ఆ బాకా ఉదయమునందును యోవాబు యొద్దనే ఉండెను గదా! ఊదినయెడల జనులు ఆగుదురని సాయంకాలము రుజువాయెను. మొదటివాడు యెదుటివాని తలపట్టినప్పుడే దానిని ఊదియుండినయెడల ఎన్ని ఇండ్లలో దీపములు నిలిచియుండెడివి! ఆపగలవాడు ఆపకపోవుటయే గిబియోను పాపము.

ఇప్పుడు మూడు ఆయుధముల పోటీని మరల చూడుడి. అక్కడ ప్రతి పోటీదారుని వెంట ఒక అధికారి నడుచును. అతని చూపు గురి మీద ఉండదు. పోటీదారుని చేతుల మీదను తుపాకి మీదను ఉండును. ఆ అధికారి “ఆగుము” అనగానే ఆగవలెను. తుపాకి గొట్టము నియమించిన హద్దు దాటి వెనుకకు తిరిగినయెడల, తూటాలున్న తుపాకి చేజారి క్రింద పడినయెడల, అనుకొనకుండ తుపాకి పేలినయెడల ఆ దినమునకు అతని ఆట ముగిసినది. ఎవరికిని దెబ్బ తగులకపోయినను సరే, అతడు ఎంత గొప్ప విజేతయైనను సరే, ఎంత దూరమునుండి ఎంత ఖర్చుతో వచ్చినను సరే, తుపాకి పెట్టెలో పెట్టుకొనవలసినదే. ఆట ముగించిన ప్రతివాడు తన తుపాకి ఖాళీ అయినదని అధికారికి తెరచి చూపవలెను. “నేను ఎరుగుదును, ఖాళీయే” అను మాట అక్కడ చెల్లదు.

మరియొక సంగతి. ఆ పోటీలను జరిపించువారిలో అనేకులు జీతములేని స్వచ్ఛంద సేవకులు. ఉదయముననే వచ్చి గురులను నిలుపుదురు, దారులను గీయుదురు, ఏ మూలనుండి కాల్చినను తూటా మట్టిగట్టునకే తగులునట్లు ఏర్పాటు చేయుదురు. ఒకడు కాల్చి ముగించిన తరువాత అతని తోడి పోటీదారులే ముందుకు పోయి పడిన పలకలను నిలువబెట్టి, చిల్లులుపడిన కాగితములకు అతుకులు వేయుదురు. తమ్మును ఓడింపగలవాని కొరకు వారు ఆ పని చేయుచున్నారు! ఈ వినయము మన పండుగ పనులలో ఉన్నయెడల ఎంత బాగుండును!

కనుక నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది. ఆయుధముతో ఆడు ఆటకు ధర్మము ఆయుధములో లేదు, గురి కుదిరిన చేతిలోను లేదు. ఆపుమను మాట పలుకువాడొకడు ఉండుటలోను, ఆ మాటకు గెలుపునైనను విడిచి లోబడుటలోను ఉన్నది. ఆ మాట ఉన్నచోట తూటాలున్న తుపాకియైనను ఆటవస్తువుగా నిలువవచ్చును. ఆ మాట లేనిచోట గులకరాయియైనను ఆయుధమగును. పోటీపడువాడు నియమముల ప్రకారము పోరాడకపోయినయెడల అతనికి కిరీటము లేదని పౌలు తిమోతికి వ్రాసిన సంగతి (2 తిమోతి 2:5) మనము ఎరుగుదుము. ఆ నియమములను కాపాడువాని లెక్క పోటీపడువాని లెక్కకంటె పెద్దదని గిబియోను కొలను మనకు నేర్పుచున్నది.

అయితే దీనితో ప్రశ్న తీరిపోలేదు. నియమములు చక్కగా ఉన్నను, గురిగా నిలిపినదేమి అను విచారణ మిగిలియున్నది. 1900లో ప్యారిస్ నగరమున ఒలింపిక్ క్రీడల కాలమందు జరిగిన ఒక పోటీలో సజీవమైన పావురములను ఎగురవేసి కాల్చిరి. నేడు ఆ స్థలమును మట్టి బిళ్ల ఆక్రమించినది. 1906లో ఏథెన్సు నగరమున కోటు తొడిగిన బొమ్మమనుష్యులను నిలిపి పిస్తోళ్లతో కాల్చిరి. 1908లో లండనులో మనుష్యులే ముసుగులు ధరించి ఒకరిమీద ఒకరు మైనపు గుండ్లు కాల్చుకొని చూపిరి. అది ఒలింపిక్ క్రీడగా నిలువలేదు. ఇరువది అయిదు మీటర్ల వేగపు పిస్తోలు పోటీలో మనుష్యాకారపు గురి చాలకాలము వాడబడెను. ఇప్పుడు గుండ్రని గురిని వాడుచున్నారు. పరుగెత్తుచు కాల్చు పిస్తోలు పోటీల కొరకు 1976లో అమెరికాలోని కొలంబియా పట్టణమున ఏర్పడిన అంతర్జాతీయ సంఘము కూడ, మనిషి పోలికగల గురికి బదులుగా తల లేని మరియొక గురిని కూడ వాడుకలోనికి తెచ్చెను.

ఈ మార్పులు ఎందుకు వచ్చినవి? కొన్నిటికి లోకరీతియైన కారణములు ఉండవచ్చును. అయినను మనుష్యుల మనస్సాక్షి వాటిలో కొంత పనిచేసినదని నేను తలంచుచున్నాను. దేవుడు నరుని తన స్వరూపమందు చేసెనని ఆదికాండము చెప్పుచున్నది. నరహత్యను నిషేధించినప్పుడు కూడ దేవుడు ఆ స్వరూపమునే కారణముగా చూపెను (ఆదికాండము 9:6). మనిషి బొమ్మను కాల్చుట హత్య కాదు, నిజమే. అయితే వేయిసార్లు ఆ ఆకారము మీద గురిపెట్టిన కన్ను ఆ ఆకారమును ఎట్లు చూడ నేర్చుకొనును? కాపలాదారునికిని సైనికునికిని ఆ శిక్షణ వారి ఉద్యోగమునుబట్టి అవసరమగును; అది వేరు విచారణ. ఆట కొరకు మాత్రము అది అవసరము లేదు. చుక్క చాలును, బిళ్ల చాలును, జాతర బుడగ చాలును. ఆటలో మనిషి ఆకారమే కావలెనని పట్టుబట్టు పోటీకి మన బిడ్డను పంపకుండుట మేలని నా అభిప్రాయము.

ఇక “ఇంత శ్రమపడి గురి నేర్చుకొనుటలో లాభమేమి?” అను ప్రశ్న. ఈ ఆట బలవంతునిది కాదు, తన్ను తాను అణచుకొనువానిది. శ్వాసను విడిచి నిలుపవలెను, గుండె చప్పుడును కూడ గమనింపవలెను, మీటను లాగుటలో తొందర పనికిరాదు. తూటా లేకుండగనే గంటలకొలది ఖాళీ తుపాకితో అభ్యాసము చేయుదురు. హంగేరీ దేశపు సైనికుడైన కారొయ్ తకాచ్ అనువాని కుడిచేయి 1938లో బాంబు పేలి పాడైపోయెను. అతడు ఎడమచేతితో మొదటినుండి నేర్చుకొని 1948లోను 1952లోను ఒలింపిక్ స్వర్ణము గెలిచెను. తన శరీరమును నలుగగొట్టి లోపరచుకొనుచున్నానని పౌలు కొరింథీయులకు వ్రాసినదానికి (1 కొరింథీయులకు 9:27) ఇట్టివారు చక్కని దృష్టాంతములు.

అయితే నైపుణ్యమే సర్వమని ఎంచవద్దు. న్యాయాధిపతులు 20:16లో ఎడమచేతి వాటముగల ఏడువందలమంది బెన్యామీనీయులు కనబడుదురు. మంచె మీద నిలిచి వడిసెలతో పిట్టలను తోలిన మన పెద్దలకు ఆ విద్య ఎంత కష్టమో తెలియును. ఆ ఏడువందలమంది గురి తలవెండ్రుకంతయు తప్పలేదట. తప్పుట యను అర్థమున అక్కడ వాడబడిన హెబ్రీ మాటయే పరిశుద్ధ గ్రంథములో ఇతర చోట్ల పాపము చేయుట యను అర్థమున వాడబడినది. గురి తప్పుటయే పాపము! మరి గురి తప్పని ఆ మనుష్యులు చేసినదేమి? గిబియా ఊరి దుర్మార్గులను అప్పగింపక, వారి పక్షమున యుద్ధమునకు నిలిచిరి. వెండ్రుకను కొట్టగలవారు న్యాయమును కొట్టలేకపోయిరి.

దీనికి మన కాలపు సాదృశ్యమొకటి గలదు. 2004లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడలలో మాథ్యూ ఎమన్స్ అను అమెరికా యువకుడు రైఫిలు పోటీలో అందరికంటె ముందుండెను. ఇంకను కాల్చవలసినది ఒకే తూటా. అతడు జాగ్రత్తగా గురిచూచి కాల్చెను. తూటా గురికి తగిలెను, అయితే అది ప్రక్కవాని గురి! లెక్కలో సున్న పడెను. మొదటి స్థానమునుండి ఎనిమిదవ స్థానమునకు దిగిపోయెను. చేయి వణకలేదు, కన్ను మసకబారలేదు. ఎవరి గురి అని చూచుకొనలేదు, అంతే. మనలో ఎందరము జీవితకాలమంతయు శ్రద్ధగా కాల్చుచు, ప్రక్కవాని గురినే కొట్టుచున్నాము! పక్కింటివాని పొలమును, పక్కింటివాని పేరును, పక్కింటివాని పిల్లల మార్కులను చూచి గురిపెట్టినవారము ఎంత చక్కగా కొట్టినను మన లెక్కలో వచ్చునది సున్నయే.

కాబట్టి బిడ్డను పంపవచ్చునా అని అడుగు తండ్రికి సంఘపెద్దలు మూడు సంగతులు విచారించి చెప్పవలెనని నా మనవి.

మొదటిది, గురి ఏమిటి? చుక్కయా, బిళ్లయా, లేక ప్రాణియా, మనిషి రూపమా? ఎయిర్ గన్ కొనిన పిల్లవాడు చెరువు గట్టున కొంగలను కొట్టుచున్నయెడల అది ఆట కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించుచున్నది. పిచ్చుకలను కూడ మరువని తండ్రికి (మత్తయి 10:29) మనము లెక్క చెప్పవలెను.

రెండవది, ఆపువాడు ఎవడు? ఒక పెద్ద స్వయముగా పోయి ఆ కాల్పుల మైదానమును చూచుట మంచిది. బహుమతులను గూర్చి అడుగవద్దు. నియమము తప్పిన పేరుగల ఆటగానిని అక్కడివారు పంపివేయుదురా అని అడుగవలెను. పంపివేయుదురని తెలిసినయెడల ధైర్యముగా బిడ్డను పంపవచ్చును. చూచిచూడనట్లు విడిచిపెట్టుదురని తెలిసినయెడల ఎంత పెద్ద పోటీయైనను వద్దు.

మూడవది, ఆట ముగిసిన తరువాత ఆయుధము ఎక్కడికి పోవును? యోనాతాను దావీదునకు గురుతుగా బాణములు వేసిన దినమును జ్ఞాపకము చేసికొనుడి (1 సమూయేలు 20). గురిని కొట్టినట్లుగా మూడు బాణములు వేసెను. ఆ బాణములు ఒకని ప్రాణమును తీయుటకు కాదు, కాపాడుటకు వేయబడినవి. పని ముగియగానే అతడు తన ఆయుధములను పనివాని చేతికిచ్చి పట్టణమునకు పంపివేసి, ఆ తరువాతనే స్నేహితుని కౌగిలించుకొని ఏడ్చెను. వట్టి చేతులతోనే కౌగిలించుకొనవలెను గదా! 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము అనుమతి లేని తుపాకి ఇంటనుంచుకొనుట నేరము. అనుమతి ఉన్నను దానిని గోడకు తగిలించి గొప్ప చూపుకొనువాడు ఆటగాడు కాడు.

ఖర్చు సంగతియు దాచరాదు. పోటీకి పనికివచ్చు విదేశపు రైఫిలు వెల లక్షలలో ఉండును. అప్పుచేసి కొనిచ్చు తండ్రి ఆట కొరకు కుటుంబమును గురిగా నిలిపినవాడగును. ఎన్.సి.సి.లోను ప్రభుత్వ మైదానములలోను దొరకు అవకాశముతో మొదలుపెట్టుట వివేకము.

చివరిగా, ఈ మాట తుపాకి ముట్టనివారికిని చెందును. కోతపండుగ దినమున కబడ్డీ ఆడించువారు, సంక్రాంతికి పందెములు పెట్టువారు, యౌవనుల కూటములను నడుపువారు, ఇంట ఇద్దరు కొడుకుల వాదమును నవ్వుచు చూచు తండ్రులు, వీరందరును కొలను గట్టున కూర్చున్నవారే. ఆట చేయి దాటుచున్నదని మొదట తెలియునది వారికే. బాకా వారి యొద్దనే ఉన్నది. దానిని సాయంకాలము వరకు దాచుకొనక, మొదటి చేయి యెదుటివాని తలమీద పడినప్పుడే ఊదుదురు గాక.